మేజర్ మేడం కోసం నేను ఎంచిన పనిముట్టు

సాయంత్రం మా సొసైటీ పార్కులో బెంచీ మీద కూర్చుంటే, పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరతారు. నేను ఫౌజీనని, అంటే సైన్యంలో చేశానని, తెలిసిన రోజున ప్రతివాడూ ఒకటే ప్రశ్న వేస్తాడు. "అంకుల్, ఎంతమందిని కాల్చారు?"

ఒక్కరినీ కాల్చలేదు నాయనా. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంకొకళ్ళు కాల్చే తుపాకులు బాగు చేశాను. ఈ మాట చెప్పగానే వాళ్ళ ముఖాల్లో దీపం ఆరిపోతుంది. ఫౌజు వంటశాల లంగరులో పప్పు వండానని చెప్పినా ఇంతకంటే గౌరవంగా వింటారేమో. అందుకని నా ఘనకార్యాల జోలికి పోకుండా, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. రేపు ఉద్యోగాల్లో చేరి పై అధికారుల ముందు నిలబడాల్సినవాళ్ళు మీరు. నా ఘనకార్యాల కంటే నా తప్పే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నాయబ్ సుబేదారుగా, అంటే జవాన్లకు పైన, అధికారులకు కింద ఉండే హోదాలో, పింఛను పుచ్చుకున్నాక శ్రీకాకుళం వెళ్ళిపోదామని నేను అన్నాను. ఇక్కడే ఉందామని మా ఆవిడ అంది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉంటున్నాం. ఇంట్లో కూర్చుంటే కుక్కర్ మూత దగ్గర్నుంచి ఇస్త్రీ పెట్టె దాకా అన్నీ విప్పి బాగు చేస్తున్నానని, అవి విప్పకముందే బాగుండేవని ఆవిడ గోల పెట్టింది. దాంతో ఢిల్లీలో ఒక దుకాణంలో చేరాను. గురి పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు సామాన్లు అమ్మే దుకాణం అది. వచ్చినవాళ్ళకు ఏది కొనాలో చెప్పడం నా పని.

యజమానిని అందరూ లాలాజీ అనేవారు. తండ్రి నుంచి వచ్చిన వ్యాపారం. ఆయనకు తుపాకీ అంటే భయం. పెళ్ళి ఊరేగింపులో టపాకాయ పేలితే చెవులు మూసుకుని కారులోకి దూరే మనిషి. కొనడానికి వచ్చినవాళ్ళు సాంకేతికంగా ఏదైనా అడిగితే నా వైపు చెయ్యి చూపించి, "సాబ్ సే పూఛియే, ఫౌజ్ కే హై" అనేవాడు, సాబ్‌ని అడగండి, ఫౌజు మనిషి అని. ఆ మాటకు నాకు ఒక అంగుళం పొడుగు పెరిగినట్టు ఉండేది.

ఇక్కడ కాస్త సరుకు గురించి చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. పోటీ క్రీడాకారుల్లో కొద్దిమంది, లైసెన్సులు, అనుమతులు అన్నీ ఉన్నవాళ్ళు, సాధన కోసం తమ తూటాలు తామే ఇంట్లో నింపుకుంటారు. తూటా అడుగున చొక్కా గుండీ అంత చిన్న ముక్క ఒకటి ఉంటుంది. మేం దాన్ని టోపీ అంటాం. తుపాకీ లోపలి సూది వెళ్ళి తగిలేది దానికే. పేలిన తూటా ఖాళీ గుల్లకు కొత్త టోపీ పెట్టడానికి ఒక పనిముట్టు కావాలి. మామూలు జనం నోట్లో ఎంత చెడ్డ మాటైనా, మా వృత్తిలో టోపీ పెట్టడం నిక్కచ్చి మనిషి చేయాల్సిన పని. అది పూర్తిగా కూర్చోకపోతే తుపాకీ ట్రిగ్గరు నొక్కినప్పుడు తూటా పేలకుండా 'టిక్' అని ఊరుకుంటుంది.

మా దుకాణంలో అలాంటి పనిముట్లు రెండు రకాలు ఉండేవి. ఒకటి గుప్పిట్లో పట్టుకుని బొటనవేలి బలంతో నొక్కేది. రెండోది బల్లకు బిగించి, పొడవాటి మీటను కిందికి లాగేది. మొదటిదానికి వేళ్ళలో సత్తువ కావాలి. రెండోదానికి అక్కర్లేదు. అంతే తేడా. ఇంత సులువైన విషయంలో ఎవరైనా తప్పు చేస్తారా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది.

ఒక రోజు మధ్యాహ్నం పొట్టి జుట్టు, నిటారు నడక ఉన్న ఒకావిడ దుకాణంలోకి వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. లైసెన్సు, అనుమతి పత్రాలు బల్ల మీద వరసగా పేర్చింది. కాగితాల మూలలు ఒకదానితో ఒకటి ఎంత సరిగ్గా కలిశాయంటే, చదవకముందే ఫౌజు మనిషని తెలిసిపోయింది. చదివితే మేజరు. సైనిక ఆసుపత్రుల్లో నర్సింగు అధికారిణిగా చేసి రిటైరయింది. నా మడమలు వాటంతటవే దగ్గరికి చేరాయి.

టోపీ పెట్టే పనిముట్టు కావాలంటే రెండు రకాలూ ముందు పెట్టి, పావుగంట హిందీలో మాట్లాడుకున్నాం. సామాను దగ్గరగా చూద్దామని వంగబోయి, ఆవిడ మోకాలు ఇనప స్టూలుకు కొట్టుకుంది.

"అవ్వా! సచ్చిన!" అంది.

"నెమ్మదండీ మేడం!" అన్నాను తెలుగులో.

ఆవిడ మోకాలు పట్టుకునే నా వైపు చూసింది. "తెలుగోల్లా? మరి గింతసేపు హిందీల ఎందుకు సంపుతున్నరు సాబ్ నన్ను?"

ఆవిడది కరీంనగర్ వైపు. ఢిల్లీలో తెలుగువాడు దొరికితే మనం చెప్పే కష్టసుఖాలన్నీ ఆవిడ పది నిమిషాల్లో చెప్పేసింది. భర్త లేరు. గురుగ్రామ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. అమ్మాయికి ఇంట్లో రైఫిల్ ఉండటం సుతరామూ ఇష్టం లేదు. రెండు నెలల్లో పెద్దవయసువాళ్ళ పోటీ ఉంది. "ఈసారి అర్హత స్కోరు రాకుంటే రైఫిల్ సరెండర్ చేస్తనని బిడ్డకు మాటిచ్చిన సాబ్. గందుకే సామాను మంచిది కావాలె. మీరేమంటరు? గిది తీసుకోవాల్నా, గది తీసుకోవాల్నా?"

పిల్లలూ, ఇక్కడ ఫౌజు సంప్రదాయం ఒకటి మీకు చెప్పాలి. అధికారి "మీరేమంటారు సాబ్" అని అడిగితే నీ అభిప్రాయం చెప్పమని కాదు. ఆయన అభిప్రాయం ఏమిటో కనిపెట్టి, అది నీ నోటితో చెప్పమని. ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. కర్నల్ సాబ్ కనుబొమ్మ ఏ వైపు లేస్తే నా సలహా ఆ వైపు ఉండేది. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదంటే అందులో సగం పుణ్యం ఆ కనుబొమ్మలదే.

కాబట్టి నేను పనిముట్లను చూడలేదు, మేడం ముఖం చూశాను. ఆవిడ చేతితో నొక్కేదాన్ని తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. మీట ఉన్నదాన్ని ఒకసారి చూసి వదిలేసింది. విషయం అర్థమైపోయింది. మేడం మనసు దీని మీద పడింది.

"ఇదే మేడం," అన్నాను గట్టిగా. "మరి ఆలోచించక్కర్లేదు. వేలితో నొక్కితే టోపీ కూర్చున్న సంగతి వేలికే తెల్సిపోద్ది. మీటకేటి తెలుస్తాది?"

"గంతేనంటరా?"

"అంతే మేడం."

ఆవిడ ఒక క్షణం ఆగి, "సరే సాబ్. మీరు చెప్పినంక ఇంకేమున్నది," అంది.

లాలాజీ పక్కనుంచి, "మేడంజీ, దోనో లే లీజియే. ఏక్ బేటీ కే లియే," అన్నాడు, రెండూ తీసుకోండి, ఒకటి అమ్మాయికి అని. కూతురి సంగతి మా తెలుగులో సగమే అర్థమై అన్న మాట అది. మేడం, నేను ఒకేసారి ఆయన వైపు చూసేసరికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత వారం వారం ఆవిడ ఫోను చేసేది. ఫౌజు పద్ధతిలో నివేదిక ఇచ్చేది. "అంతా ఠీక్ ఉన్నది సాబ్. సామాను మస్తుగున్నది." ఒకసారి దుకాణానికి వచ్చినప్పుడు బొటనవేలికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే "దోసకాయ కోస్తుంటే తెగింది" అంది. ఇంకోసారి బిల్లు మీద ఎడమచేత్తో సంతకం చేసింది. ఎడమచేతివాటం అనుకున్నాను. నాకు తెలియని మంచి గుణాలు మేడంలో ఇంకా ఎన్ని ఉన్నాయో అని కూడా అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు వంద గజాల దూరం నుంచి తుపాకీలో తేడా కనిపెట్టినవాడిని, బల్లకు అవతల నిలబడ్డ మనిషి చెయ్యి వాచి ఉందని కనిపెట్టలేకపోయాను.

పోటీకి రెండు వారాల ముందు ఫోను వచ్చింది. ఈసారి నివేదికలో ఠీక్ లేదు. "సాబ్, గురి కొట్టే రేంజిల ఇరవై కొడితే ఏడు టిక్కుమన్నయి. నాదే ఏదో తప్పున్నట్టుంది. జర వచ్చి చూస్తరా?"

సామానుది కాదట, తనదే తప్పట. ఆ మాట చూడండి. సామాను గురించి ఒక్క ఫిర్యాదు లేదు.

ఎందుకైనా మంచిదని మీట ఉన్న పనిముట్టు, చేతితో నొక్కేది ఇంకొకటి సంచిలో వేసుకుని మెట్రో ఎక్కబోయాను. తనిఖీ దగ్గర జవాను సంచి తెరిపించాడు. చేతిది పైకి తీసి, "దాదాజీ, యే నీంబూ నిచోడ్‌నే కా హై?" అన్నాడు. నిమ్మకాయలు పిండేదట! విలాయతీ సామాను! అసలు సంగతి వివరించాలని నోటిదాకా వచ్చింది. కానీ మెట్రో తనిఖీలో తూటా అనే మాట పలికితే ఏమవుతుందో నాకు తెలుసు. "హా బేటా," అన్నాను. "ఔర్ యే బడావాలా?" అని మీటది చూపించాడు. "మోసంబీ కే లియే," అన్నాను, బత్తాయిలకని. నా వృత్తిని నేనే అంత నీచంగా చూడటం అదే మొదలు.

మేడం వాళ్ళ ఇల్లు పద్నాలుగో అంతస్తు. తూటాల సామానంతా ఒక చిన్న గదిలో, తాళాలున్న ఇనప బీరువాలో ఉంది. పక్క గదిలో అమ్మాయి చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉంది. ముప్పై దాటిన పిల్ల. నన్ను చూసి తల ఊపింది కానీ నవ్వలేదు.

"ఒకసారి ఎలగ నొక్కుతున్నారో చూపించండి మేడం," అన్నాను.

ఆవిడ పనిముట్టును గుప్పిట్లో పట్టుకుంది. బొటనవేలు వంగలేదు. రెండు చేతులతో పట్టుకుంది. చాలలేదు. చివరికి మోకాళ్ళ మధ్య ఇరికించి, రెండు అరచేతుల మొదళ్ళతో నొక్కింది. అంత చేస్తున్నా ముఖంలో నొప్పి లేదు. రిపబ్లిక్ డే కవాతులో దోమ కుట్టినా కదలని ముఖం అది. కాకపోతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ టోపీ సగమే దిగింది.

పనిముట్టు ఆవిడ చేతుల్లోంచి తీసి పక్కన పెట్టాను.

"మేడం, ఈ చెయ్యేటి ఇలగుంది?"

"గదేం లేదు సాబ్. కీళ్ళవాతం. ఐదేండ్లయింది."

"ఐదేళ్ళా?"

అప్పటికి అమ్మాయి మీటింగు ముగిసినట్టుంది, తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "అంకుల్, రోజ్ కా డ్రామా హై. ఆ టూల్ పట్టుకుంటుంది, హ్యాండ్ స్వెల్ అవుతుంది, ఫ్రీజర్ నుంచి మటర్, అదే బఠాణీల ప్యాకెట్ తీసి దాని మీద పెట్టుకుంటుంది. మా ఇంట్లో మటర్ పనీర్ చేసి సిక్స్ వీక్స్ అయ్యింది. వేరేది కొనుక్కో మమ్మా అంటే, నహీ, సాబ్ నే చునా హై, అంటుంది."

"నేను ఎంచానా?" అన్నాను. "మేడం ఎంచారు కదండీ!"

"నేనా?" అంది మేడం. "నేనెప్పుడు ఎంచిన? మీరే గదా ఇదే మేడం, ఆలోచించక్కర్లేదు అన్నరు!"

"తవరు దాన్ని తిప్పి తిప్పి చూశారు కదా మేడం! తవరికి నచ్చిందని నేను..."

"నచ్చి చూసిన్నా? గిది నా ఏలుకు వంగుతదా వంగదా అని భయపడి చూసిన సాబ్! నాకు మీటదే కావాలెనని ఉండె. కానీ మీరు గంత గట్టిగ చెప్పినంక ఎట్ల కాదంట? నేను లెఫ్టినెంటుగ చేరిన దినం మా మేట్రన్ ఒకటే మాట చెప్పింది. సుబేదార్ సాబ్‌లు చెప్పింది ఇను, నీ తెలివి పక్కన పెట్టు, నౌకరీ సల్లగుంటది అని. ముప్పై ఏండ్లు గట్లనే చేసిన."

నేను ఆవిడ మనసు తెలుసుకుని చెప్పాననుకున్నాను. ఆవిడ నా అనుభవాన్ని గౌరవించాననుకుంది. ఇద్దరం కలిసి ఇద్దరికీ అక్కర్లేని వస్తువు కొని, దానితో ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టే దాకా తెచ్చాం. మా ఇద్దరి సర్వీసు కలిపితే అరవై ఏళ్ళకు రెండు తక్కువ.

అమ్మాయి తలుపుకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. కిందికి జారి నేల మీద కూర్చుని నవ్వింది. "ఓ గాడ్! మీరిద్దరూ బార్డర్ మీద ఉన్నారా? అండ్ వుయ్ ఆర్ స్టిల్ ఎ కంట్రీ?"

నేను సంచిలోంచి మీట ఉన్న పనిముట్టు తీసి బల్ల మీద పెట్టాను. పక్కన చేతిది కూడా పెట్టాను. పెట్టి, అలవాటు ఎక్కడికి పోతుంది, "మరి తవరేటంటారు మేడం?" అన్నాను.

"మీరు చెప్పుండ్రి సాబ్," అంది ఆవిడ.

"బస్!" అని అమ్మాయి లేచింది. పసుపు రంగు అంటుకునే చీటీలు తెచ్చి చెరొకటి ఇచ్చింది. ఒకరినొకరు చూసుకోకుండా గోడల వైపు తిరిగి రాయమంది. రాశాం. ఇద్దరి చీటీల్లోనూ మీట అనే ఉంది. ఆ తరువాత ఆ పనిముట్టును బల్లకు బిగించాను. ఆవిడ ఒక్క వేలితో మీట లాగింది. టోపీ చక్కగా దిగి కూర్చుంది. "అయ్యో, గింత సులువా?" అంది. ఆ మాటకు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాత తూటాలన్నీ పక్కన పెట్టించి, రేంజిలో అప్పగించి వచ్చాం.

చెయ్యి మాత్రం పదమూడు రోజుల్లో ఎంత మానుతుంది? పోటీ రోజున నేను లాలాజీకి చెప్పి వెళ్ళాను. ఆయన చెవుల్లో దూది పెట్టుకుని మరీ "శుభ్ కామ్‌నాయేఁ" అని శుభాకాంక్షలు చెప్పాడు, దుకాణంలో కూర్చునే. రేంజిలో అమ్మాయి కూడా ఉంది. తల్లి గురిపెట్టడం తను చూడటం అదే మొదటిసారి అని చెప్పింది. చెబుతూ గోళ్ళు కొరుక్కుంది.

ఒక్క తూటా కూడా టిక్కుమనలేదు. మొదటి సగం మేడం గీత గీసినట్టు కొట్టింది. రెండో సగంలో చెయ్యి వణకడం వెనక నుంచే కనిపించింది. స్కోరు పెట్టారు. అర్హతకు రెండు పాయింట్లు తక్కువ.

కారు దగ్గర ఆవిడ రైఫిల్ పెట్టె కింద పెట్టి, "మాట మాటే. రేపు కాగితాలు పెడత," అంది. కూతురు సంతోషించాల్సింది. ఏళ్ళ తరబడి అడిగింది అదే కదా. కానీ ఆ పిల్ల తల్లిని చూసింది, పెట్టెను చూసింది, నా వైపు తిరిగింది.

"అంకుల్, మీరు చెప్పండి. మమ్మా ఫేస్ చూడకుండా చెప్పండి. ఇచ్చేయాలా?"

మేడం అడ్డం వచ్చింది. "ఏం అడుగుడు బిడ్డా? నేను అలసిపోయిన. నిజంగనే ఇచ్చేద్దామని ఉన్నది నాకు. సాబ్‌కు తెల్వదా?"

తెలుసు. ఈసారి కనిపెట్టాల్సిన పని కూడా లేదు. ఆవిడ మనసులో మాట ఆవిడే పైకి చెప్పేసింది. 'అలాగే మేడం' అనడానికి నా నోరు తెరుచుకుంది కూడా. కానీ వణికిన ఆ చెయ్యి గుర్తొచ్చి, అనలేకపోయాను.

"వద్దు మేడం," అన్నాను. "ఆ రెండు పాయింట్లు తవరు పోగొట్టలేదు. తవరి చెయ్యి నెలన్నర పాటు పాడుచేసింది నేను. తవరి ముఖం చూసి చెప్పాను గానీ చెయ్యి చూసి చెప్పలేదు. నా తప్పుకి తవరు రైఫిల్ అప్పజెప్పేస్తే నేను తట్టుకోలేను. చెయ్యి మాననివ్వండి. ఇంకొక్క ఏడాది చూడండి."

మేడం ముఖం ఎర్రబడింది. అధికారులకు కోపం వస్తే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దాన్ని తప్పించుకోవడానికే కదా ఒక జీవితం ఖర్చు పెట్టాను.

"నేను వద్దంటుంటే గూడ చెప్తున్నరా?"

"అవును మేడం. కోపమొచ్చిందని తెలిసే చెప్తన్నాను."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. పోటీలో లక్ష్యాన్ని కూడా అంతసేపు చూడలేదు. తరువాత పెట్టెకు ఒక వైపు పట్టుకుని, రెండో వైపు కూతురిని పట్టుకోమని సైగ చేసింది. ఇద్దరూ దాన్ని కారులోకి ఎక్కించారు. ఆ పిల్ల గబగబా డిక్కీ మూసేసింది, మళ్ళీ ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనన్నట్టు.

"ఒక్క ఏడాది," అంది మేడం నాతో. "అప్పుడు గూడ తప్పితే మీరే వచ్చి కాగితాలు పెట్టాలె."

"అలాగే మేడం," అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటాను. మనసారా ఒప్పుకుని అన్నది మాత్రం ఆ ఒక్కసారే.